1971లో యాహ్యా ఖాన్ యుద్ధ మంత్రివర్గం: మళ్ళీ మళ్ళీ వచ్చే డౌట్లు

నెల్లూరులో ఆదివారం సాయంత్రాలు గ్రూప్స్‌కి చదివే పిల్లలతో కూర్చుని హిస్టరీ మాట్లాడుకుంటుంటాం. 1971 ఇండియా పాకిస్తాన్ యుద్ధం వచ్చిందంటే ఘాజీ సబ్‌మెరైన్, మన ఆర్మీ చీఫ్ మానెక్‌షా, సరెండర్ ఫోటో అందరూ గడగడా చెప్పేస్తారు. అదే అవతల పక్క, పాకిస్తాన్‌లో, ప్రధాని ఎవరు, మంత్రులు ఎవరు అని అడిగితే తెల్లమొహాలు. ప్రతి బ్యాచ్‌లో అవే ప్రశ్నలు, వాట్సాప్‌లో టైప్ చేసీ చేసీ విసుగొచ్చి అన్నీ ఒకచోట పెడుతున్నా. ఏ ప్రశ్న కావాలంటే దాని కాడికి పోయి చదువుకోవచ్చు, వరసగా చదవాలని లేదు. కొన్ని సంగతులు రెండుసార్లు కనబడితే అందుకే, తిట్టుకోబాకండి.

## మొదలు

పాకిస్తాన్ మిలిటరీ చేతిలోనే ఉన్నాక మళ్ళీ మంత్రివర్గం ఎందుకన్నా?

పాలించడానికైతే అక్కర్లేదు, చూపించుకోడానికి కావాలి. జనరల్ ఎంత బలంగా ఉన్నా బయట దేశాల దగ్గర అప్పు అడగాలన్నా, ఐక్యరాజ్యసమితిలో మాట్లాడాలన్నా కోటు వేసుకున్న సివిలియన్ ఒకడు ఉండాలి. ఇంకోటి, పని చెడితే నింద పంచుకోడానికి కూడా మనిషి కావాలి కదా. మామూలు ప్రజాస్వామ్యంలో మంత్రివర్గం అసెంబ్లీకి జవాబు చెప్తుంది, మిలిటరీ పాలనలో మంత్రివర్గం జనరల్‌కి జవాబు చెప్తుంది. జనరల్ వద్దంటే ఆ రోజు సాయంత్రానికే పదవి ఊడుతుంది. 1971 ఫిబ్రవరిలో అప్పటి పాకిస్తాన్ మిలిటరీ పాలకుడు జనరల్ యాహ్యా ఖాన్ తన సివిలియన్ మంత్రుల్నందర్నీ ఒక్క దెబ్బతో ఇంటికి పంపించాడు, అడిగేవాడు లేడు. కర్ర ఉన్నోడిదే బర్రె అని మన పెద్దోళ్ళు ఊరికే అనలా.

యాహ్యా ఖాన్ అసలు ఎట్ట వచ్చాడు? ఎన్ని పదవులు పెట్టుకున్నాడు?

1969 మార్చి 25న అప్పటి ప్రెసిడెంట్ అయూబ్ ఖాన్ దిగిపోయి దేశాన్ని ఆర్మీ చీఫ్ యాహ్యా చేతిలో పెట్టాడు. అప్పట్లో ఉన్న రాజ్యాంగం ప్రకారం స్పీకర్‌కి ఇవ్వాలి, అది చెయ్యలా. యాహ్యా వచ్చీ రాగానే మార్షల్ లా పెట్టి 1962 రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. ఇంక లెక్కపెట్టుకోండి: ప్రెసిడెంట్ ఆయనే, చీఫ్ మార్షల్ లా అడ్మినిస్ట్రేటర్ ఆయనే, ఆర్మీకి కమాండర్ ఇన్ చీఫ్ ఆయనే, రక్షణ శాఖ, విదేశాంగ శాఖ కూడా ఆయన దగ్గరే. మొదట్లో జనరల్ హమీద్, ఎయిర్‌ఫోర్స్ నూర్ ఖాన్, నేవీ ఎహ్సాన్, వీళ్ళతో ఒక చిన్న కౌన్సిల్ పెట్టుకుని నడిపాడు, తర్వాత 1969 ఆగస్టులో సివిలియన్ మంత్రుల్ని తెచ్చాడు. అందులో ఇన్ఫర్మేషన్ మంత్రి షేర్ అలీ ఖాన్ పటౌడీ, మన క్రికెటర్ టైగర్ పటౌడీకి బాబాయి. ఇది పరీక్షలో రాదులే, వింటే మర్చిపోరని చెప్పా.

1970 ఎలక్షన్లో ముజిబ్ గెలిచాడు కదా, ఆయన్నే ప్రధానిని చేసుంటే యుద్ధమే ఉండేది కాదు కదా?

లెక్క ప్రకారం ఆయనే కావాలి. 1970 డిసెంబర్ 7న ఎలక్షన్. నేషనల్ అసెంబ్లీలో 300 జనరల్ సీట్లు, అందులో తూర్పు పాకిస్తాన్‌కి (ఇప్పటి బంగ్లాదేశ్) 162, అక్కడి బెంగాలీ నాయకుడు ముజిబ్ పార్టీ అవామీ లీగ్ అందులో 160 కొట్టింది. మహిళల సీట్లు 7 కలిపితే 313లో 167, సొంతంగానే మెజారిటీ. పశ్చిమ పాకిస్తాన్ నాయకుడు భుట్టో పార్టీకి 81 జనరల్ సీట్లు, అన్నీ పశ్చిమం వైపే. కానీ ముజిబ్ ఆరు సూత్రాల ప్రకారం పోతే కేంద్రానికి రక్షణ, విదేశాంగం తప్ప పెద్దగా ఏం మిగలదు, పన్నులు వసూలు చేసే అధికారం కూడా రాష్ట్రాలకి పోద్ది. పన్నులు చేతిలో లేకపోతే ఆర్మీకి జీతాలు ఎవరిస్తారు? జనరల్స్ భయం అక్కడుంది, భుట్టోకేమో ప్రతిపక్షంలో కూర్చోడం ఇష్టం లేదు. 1971 మార్చి 3న ఢాకాలో జరగాల్సిన అసెంబ్లీని మార్చి 1న వాయిదా వేశారు, మార్చి 25 రాత్రి ఆర్మీని జనం మీదకి వదిలారు. గెలిచినాయన్ని పట్టుకెళ్ళి పశ్చిమ పాకిస్తాన్ జైల్లో పడేసి పార్టీని నిషేధించారు. తొమ్మిది నెలల తర్వాత యాహ్యా కట్టిన మంత్రివర్గం ఎందుకు నిలవలేదో తెలియాలంటే ఈ 167 అంకె ఒక్కటి గుర్తుంటే చాలు.

## మార్చి నుంచి నవంబర్ దాకా

టిక్కా ఖాన్ చేత ప్రమాణం చేయించనని జడ్జి గారు అన్నారంట, నిజమా కథా?

నిజమే. 1971 మార్చి మొదట్లో తూర్పు పాకిస్తాన్ గవర్నర్‌గా ఆర్మీ జనరల్ టిక్కా ఖాన్‌ని పంపితే ఢాకా హైకోర్టు చీఫ్ జస్టిస్ బి.ఎ. సిద్దికీ ప్రమాణం చేయించడానికి ఒప్పుకోలా. అప్పటికి ఊళ్ళో ముజిబ్ మాటే చెల్లుబాటు అవుతుంది, ఆఫీసులు, బ్యాంకులు, కోర్టులు అన్నీ ఆయన చెప్పినట్టు నడుస్తున్నాయి. చివరికి మార్చి 25 దాడి జరిగి ఊరు మొత్తం ఆర్మీ గుప్పిట్లోకి వచ్చాక ఏప్రిల్‌లో అదే జడ్జి ప్రమాణం చేయించాడు. నాకైతే ఈ యుద్ధంలో చాలా ఇష్టమైన ఘట్టం ఇది. చేతిలో తుపాకీ ఉన్నోడు కూడా ఒక పేపరు చదివించే మనిషి కోసం నెల రోజులు ఆగాడు చూడండి. పదవి అంటే కుర్చీ ఒక్కటే కాదు, అవతలోడు ఒప్పుకోవాలి.

ఢాకాలో మాలిక్ మంత్రివర్గం అంటారు, అది ఏంది? కేంద్రంలో మంత్రివర్గం వేరేనా?

వేరే. చాలామంది రెండూ కలిపేస్తారు. మాలిక్‌ది తూర్పు పాకిస్తాన్ రాష్ట్ర మంత్రివర్గం. వసంతంలో జరిగిన చంపుడు చూసి ప్రపంచమంతా ఛీ అంటుంటే, టిక్కా ఖాన్ మొహం తీసేసి మెత్తటి మొహం పెడదామని యాహ్యా అనుకున్నాడు. 1971 సెప్టెంబర్ మొదట్లో డాక్టర్ ఎ.ఎం. మాలిక్‌ని గవర్నర్ చేశాడు. బెంగాలీ, పెద్దవయసు, డాక్టరు, పాత ట్రేడ్ యూనియన్ మనిషి, యాహ్యా సివిలియన్ మంత్రుల్లో కూడా ఉన్నాడు. సెప్టెంబర్ 17న ఆయన మంత్రులు ప్రమాణం చేశారు. ఎవరు వాళ్ళు? ఎక్కువ భాగం 1970 ఎలక్షన్లో జనం పక్కన పెట్టిన పార్టీల వాళ్ళు, జమాతే ఇస్లామీ నుంచి అబ్బాస్ అలీ ఖాన్, మౌలానా ఎ.కె.ఎం. యూసుఫ్ లాంటోళ్ళు. ఓడిపోయినోళ్ళతో మంత్రివర్గం కడితే జనం ఎట్ట నమ్ముతారు. పైగా మార్షల్ లా అధికారం తూర్పు సైన్యం కమాండర్ జనరల్ నియాజీ దగ్గర, గవర్నర్ పక్కనే సలహాదారుగా మేజర్ జనరల్ రావ్ ఫర్మాన్ అలీ. మాలిక్ ఉత్సవ విగ్రహం, పల్లకీ మోసేది, ఎటు తిప్పాలో చెప్పేది వేరేవాళ్ళు.

యుద్ధం మధ్యలో బై ఎలక్షన్లు పెట్టారంట, ఇదేం పిచ్చి?

పిచ్చి కాదు, ప్లానే. అవామీ లీగ్ తరఫున గెలిచినవాళ్ళలో 70 మందికి పైగా సభ్యుల్ని అనర్హులని తీసేశారు. ఆ ఖాళీల్లో తమవాళ్ళని నింపితే అసెంబ్లీలో లెక్క తిరగబడుద్ది, అప్పుడు మెజారిటీ ఉన్న ప్రధాని అని చెప్పుకోవచ్చు. డిసెంబర్‌లో పోలింగ్ అన్నారు. చాలా సీట్లలో పోటీయే లేకుండా ఏకగ్రీవం చేసేశారు. మన పల్లెల్లో పంచాయతీ ఏకగ్రీవాలు ఎట్ట అవుతాయో చూసినోళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. డిసెంబర్ 3న యుద్ధం ముదిరిపోయేసరికి పోలింగ్ సంగతి గాలికి పోయింది.

అవామీ లీగ్ వాళ్ళు పెట్టిన బంగ్లాదేశ్ ముజిబ్‌నగర్ ప్రభుత్వం కూడా యుద్ధ మంత్రివర్గమే కదా? రెండిటికీ తేడా ఏంది సార్?

అది కూడా యుద్ధ మంత్రివర్గమే, కాకపోతే తీరు తలకిందులు. 1971 ఏప్రిల్ 10న ఏర్పాటై ఏప్రిల్ 17న మెహర్‌పూర్ దగ్గర బైద్యనాథ్‌తల అనే ఊళ్ళో మామిడితోటలో ప్రమాణం చేశారు, ఆ ఊరికే ముజిబ్‌నగర్ అని పేరు పెట్టారు. ప్రెసిడెంట్ ముజిబ్, ఆయన జైల్లో ఉన్నాడు కాబట్టి తాత్కాలిక ప్రెసిడెంట్ సయ్యద్ నజ్రుల్ ఇస్లాం. ప్రధాని తాజుద్దీన్ అహ్మద్, ఆర్థికం మన్సూర్ అలీ, హోమ్ కమరుజ్జమాన్, విదేశాంగం ఖొందకర్ ముష్తాక్ అహ్మద్, సైన్యానికి కల్నల్ ఒస్మానీ. ఆఫీసు కలకత్తా థియేటర్ రోడ్‌లో. మాలిక్‌కి బంగళా ఉంది, కార్లు ఉన్నాయి, సైన్యం కాపలా ఉంది, ఓట్లు లేవు. తాజుద్దీన్‌కి సొంత గడ్డ మీద ఆఫీసు లేదు, కానీ సైన్యాధిపతి మంత్రివర్గం చెప్పింది వినాల్సిన మనిషి. యుద్ధంలో మంత్రివర్గం సైన్యాన్ని నడుపుతుందా, సైన్యం మంత్రివర్గాన్ని నడుపుతుందా, పరీక్షలో ఈ ఒక్క ముక్క మీద జవాబు కట్టుకుంటే చాలు.

## డిసెంబర్ రెండు వారాలు

1971 యుద్ధంలో పాకిస్తాన్ ప్రధాని ఎవరు? భుట్టో కాదా?

భుట్టో కాదు. ఒక పరీక్షలో నేను కూడా భుట్టో అని పెట్టి మార్కు పోగొట్టుకున్నా, కాబట్టి సిగ్గుపడక్కర్లేదు. డిసెంబర్ 7న యాహ్యా నూరుల్ అమీన్‌ని ప్రధానిగా, భుట్టోని డిప్యూటీ ప్రధాని కమ్ విదేశాంగ మంత్రిగా ప్రకటించాడు. పాకిస్తాన్‌లో 1958 మిలిటరీ తిరుగుబాటు నుంచి ప్రధాని అనే పదవే లేకుండా పోయింది. అంటే 13 ఏళ్ళ తర్వాత ఒక ప్రధాని వచ్చాడు, వచ్చి 13 రోజులు ఉన్నాడు. డిసెంబర్ 20కి అంతా అయిపోయింది. తేదీ చూస్తే ఇంకో తమాషా, సరిగ్గా ఏడాది కిందట అదే డిసెంబర్ 7న ఎలక్షన్ జరిగింది. ఆ ఎలక్షన్లో గెలిచినాయన జైల్లో, ఆయన పార్టీ చేతిలో తుడిచిపెట్టుకుపోయిన పార్టీ నాయకుడు ప్రధాని.

మరి నూరుల్ అమీన్‌నే ఎందుకు ఏరుకున్నారు?

తూర్పు పాకిస్తాన్‌లో 162 సీట్లలో అవామీ లీగ్‌కి దక్కనివి రెండే రెండు. ఒకటి నూరుల్ అమీన్‌ది, ఇంకోటి చిట్టగాంగ్ కొండ ప్రాంతం రాజా త్రిదివ్ రాయ్‌ది. బెంగాలీ కావాలి, ఎలక్షన్లో గెలిచుండాలి, అవామీ లీగ్ కాకూడదు, పాకిస్తాన్ ఒక్కటిగా ఉండాలనే మనిషి కావాలి. ఇన్ని షరతులు పెట్టి జల్లెడ పడితే మిగిలింది ఆయనే. వయసు 78.

కానీ బెంగాలీల్లో ఆయన పేరుకి మరక ఉంది. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ భాష కోసం విద్యార్థులు రోడ్డెక్కితే పోలీసులు కాల్చారే, అప్పుడు ముఖ్యమంత్రి ఈయనే. 1954 ఎలక్షన్లో సొంత సీట్లోనే ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడిపోయాడు. భాష కోసం ప్రాణాలు పోతే ఎంత మంట పుడుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు, మన నెల్లూరు బిడ్డ పొట్టి శ్రీరాములు గారు పోయింది కూడా అదే 1952లో, డిసెంబర్ 15న. అట్టాంటి గుర్తు ఉన్న మనిషిని తెచ్చి బెంగాలీల ప్రతినిధి అని చూపిస్తే ఢాకాలో ఎవరు చప్పట్లు కొడతారు?

భుట్టోకి అంత అహం కదా, డిప్యూటీగా ఎట్ట ఒప్పుకున్నాడు?

డిప్యూటీ అనే మాట కంటే విదేశాంగ మంత్రి అనే మాట ఆయనకి ముఖ్యం. అప్పటిదాకా ఆ శాఖ యాహ్యా దగ్గరే ఉంది. యుద్ధం ఓడిపోతుందని తెలుస్తున్నప్పుడు రావల్పిండిలో కూర్చుంటే ఓటమి మసి అంటుద్ది, న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో మాట్లాడుతుంటే దేశం కోసం కొట్లాడినోడు అని పేరొస్తుంది. ప్రకటన అయిన వెంటనే విమానం ఎక్కేశాడు. డిసెంబర్ 15న సెక్యూరిటీ కౌన్సిల్‌లో కాగితాలు చించి లేచి వెళ్ళిపోయాడు, ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతా ఉంటుంది. ప్రధాని నూరుల్ అమీన్ వయసు 78, డిప్యూటీ భుట్టోకి 43. ఇద్దర్లో ఎవరికి రేపు ఉందో జనరల్స్‌కి కూడా తెలుసు. ఇది నా అంచనా మాత్రమే, కానీ తర్వాత జరిగింది చూస్తే తప్పనిపించదు.

ఆ మంత్రివర్గం యుద్ధం గురించి ఏమన్నా డిసైడ్ చేసిందా?

సైన్యం విషయంలో ఏమీ లేదు. రక్షణ యాహ్యా దగ్గరే, చుట్టూ జనరల్ హమీద్, పీర్జాదా, గుల్ హసన్ లాంటి ఆర్మీ వాళ్ళు. భారత్ మీద దాడి డిసెంబర్ 3న చేశారు, 6న భారత్ బంగ్లాదేశ్‌ని గుర్తించింది, ప్రధాని వచ్చింది 7న. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు.

ఢాకాలో కథ ఇంకా పాపం. గవర్నర్ మాలిక్ ఇంక ఆపెయ్యండి అని యాహ్యాకి మెసేజ్‌లు పెట్టాడు. డిసెంబర్ 10న ఆయన పేరు మీద ఫర్మాన్ అలీ ఐక్యరాజ్యసమితి ప్రతినిధికి కాల్పుల విరమణ ప్రతిపాదన ఇస్తే, ఇస్లామాబాద్ దాన్ని మాకు సంబంధం లేదని వెనక్కి లాగేసింది. అదే యాహ్యా నాలుగు రోజులకి డిసెంబర్ 14న పోరాటం ఆపడానికి కావాల్సింది చేసుకోండి అని నియాజీకి కబురు పెట్టాడు. నాలుగు రోజుల్లో మారింది ఏమన్నా ఉందంటే చచ్చిపోయినోళ్ళ లెక్క ఒకటే.

గవర్నర్ బంగళా మీద బాంబులు పడ్డాయని మంత్రులు రాజీనామా చేశారంట, యుద్ధం మధ్యలో రాజీనామా దేనికి?

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, సినిమా సీన్ లాగా ఉంటది. డిసెంబర్ 14 మధ్యాహ్నం ఢాకా గవర్నర్ హౌస్‌లో పెద్ద మీటింగ్ అని భారత్ వాళ్ళు రేడియో మెసేజ్ పట్టుకున్నారు. టైం చాలా తక్కువ. గౌహతి నుంచి మిగ్ 21లు లేచాయి, పైలట్లకి బిల్డింగ్ గుర్తుపట్టడానికి ఇచ్చింది ఢాకా టూరిస్ట్ మ్యాపు. రాకెట్లు సూటిగా బంగళా మీద పడ్డాయి. మాలిక్ బంకర్‌లోకి దిగి, వణికే చేత్తో ఒక కాగితం మీద రాజీనామా రాశాడు, తర్వాత కాళ్ళు కడుక్కుని తలమీద రుమాలు కప్పుకుని నమాజుకి కూర్చున్నాడు.

రాజీనామా దేనికంటే, ఊళ్ళో ఇంటర్‌కాంటినెంటల్ హోటల్‌ని రెడ్‌క్రాస్ తటస్థ ప్రాంతంగా ప్రకటించింది. యుద్ధం చేస్తున్న ప్రభుత్వంలో పదవిలో ఉన్నోళ్ళకి అందులో చోటు లేదు. పదవి వదిలితేనే గేటు దాటనిస్తారు. ఆ రోజు పెద్ద పెద్ద అధికారులు కూడా ప్రభుత్వంతో మాకు సంబంధం లేదని రాసిచ్చి లోపలికి పోయారు. సెప్టెంబర్‌లో మంత్రి పదవి కోసం ప్రమాణం చేసినోళ్ళు డిసెంబర్‌లో ప్రాణం కోసం రాజీనామా చేశారు. అదే రోజుల్లో అదే ఊళ్ళో పాకిస్తాన్ ఆర్మీ వైపు పనిచేసిన అల్ బదర్ ముఠా వాళ్ళు ప్రొఫెసర్లని, డాక్టర్లని, జర్నలిస్టుల్ని ఇళ్ళల్లోంచి ఎత్తుకుపోయి చంపారు. వాళ్ళకి దాక్కోడానికి ఏ హోటలూ దొరకలా.

## అయిపోయాక

సరెండర్ పేపర్ మీద ప్రధాని సంతకం ఎందుకు లేదు?

డిసెంబర్ 16న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో సంతకాలు పెట్టింది ఇద్దరే, లెఫ్టినెంట్ జనరల్ నియాజీ, మన లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా. లొంగింది తూర్పు కమాండ్ సైన్యం కాబట్టి దాని కమాండర్ సంతకం సరిపోతుంది. సుమారు 93,000 మంది బందీలయ్యారు, అందులో సైనికులు కాని వాళ్ళు కూడా ఉన్నారు. ఢాకాలో అప్పటికి సంతకం పెట్టడానికి గవర్నర్ కూడా లేడు, రెండు రోజుల ముందే రాజీనామా చేశాడు.

యాహ్యా తర్వాత భుట్టో సివిలియన్ కదా, ఆయన మార్షల్ లా అడ్మినిస్ట్రేటర్ ఏంది?

డిసెంబర్ 20న యాహ్యా దిగిపోయి అధికారం భుట్టోకి ఇచ్చాడు. అప్పటికి రాజ్యాంగం లేదు, అధికారానికి ఉన్న ఒకే ఒక కాగితం మార్షల్ లా. దాన్ని ఎత్తేస్తే ప్రెసిడెంట్ పదవికి కూడా ఆధారం ఉండదు. అందుకని ప్రెసిడెంట్‌తో పాటు చీఫ్ మార్షల్ లా అడ్మినిస్ట్రేటర్ టోపీ కూడా భుట్టోనే పెట్టుకున్నాడు, ఒక సివిలియన్ ఆ పదవిలోకి రావడం అదే మొదలు. 1972 ఏప్రిల్‌లో తాత్కాలిక రాజ్యాంగం వచ్చాక మార్షల్ లా తీసేశారు.

వాళ్ళంతా తర్వాత ఏమయ్యారు అక్కడ?

నూరుల్ అమీన్‌ని భుట్టో వైస్ ప్రెసిడెంట్ చేశాడు, పాకిస్తాన్ చరిత్రలో ఆ పదవిలో ఉన్నది ఆయనొక్కడే. సొంతూరు వేరే దేశం అయిపోయింది, మళ్ళీ పోలేదు, 1974లో చనిపోతే కరాచీలో జిన్నా సమాధి పక్కన పూడ్చారు. త్రిదివ్ రాయ్ కూడా పాకిస్తాన్‌లోనే ఉండిపోయి 2012లో పోయాడు. మాలిక్‌కి బంగ్లాదేశ్ కోర్టు యావజ్జీవం వేసింది, తర్వాత క్షమాభిక్షలో బయటికొచ్చాడు. తాజుద్దీన్, నజ్రుల్, మన్సూర్ అలీ, కమరుజ్జమాన్ నలుగురినీ 1975 నవంబర్‌లో ఢాకా జైల్లోనే కాల్చేశారు.

## పరీక్షకి, మన ఊరికి

చర్చిల్, తోజో మంత్రివర్గాలతో పోల్చి రాయమంటే ఏం రాయాలి?

బ్రిటన్‌లో చర్చిల్ 1940 మేలో ఐదుగురితో వార్ కేబినెట్ పెట్టాడు, అందులో ప్రతిపక్ష లేబర్ పార్టీ నుంచి అట్లీ, గ్రీన్‌వుడ్ ఉన్నారు, పార్లమెంటు ఒప్పుకోకపోతే అంతా కూలిపోద్ది. జపాన్‌లో ఆర్మీ జనరల్ తోజో 1941 అక్టోబర్‌లో ప్రధాని, యుద్ధ శాఖ, హోమ్ మూడూ తనే పెట్టుకున్నాడు. జపాన్‌లో యుద్ధ మంత్రి సర్వీసులో ఉన్న ఆర్మీ ఆఫీసరే అయ్యుండాలని రూలు, ఆర్మీ మనిషిని ఇవ్వకపోతే ఏ మంత్రివర్గమూ నిలవదు, 1940లో యోనాయ్ ప్రభుత్వం అట్టనే పడింది. సైపాన్ దీవి అమెరికా చేతిలోకి పోయాక 1944 జూలైలో తోజో దిగాల్సొచ్చింది. పాకిస్తాన్‌లో అట్టాంటి రూలు కూడా లేదు, మొత్తం ఒక మనిషి ఆర్డరు. ఈ మూడు పేరాలు రాస్తే చాలు.

మా తాత 1971లో ఉత్తరం మీద రెఫ్యూజీ స్టాంపు అంటించేవాళ్ళం అంటాడు, నిజమేనా?

నిజమే. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు వచ్చారు, వాళ్ళ ఖర్చు కోసం 1971 నవంబర్ 15 నుంచి ఉత్తరాల మీద 5 పైసల రెఫ్యూజీ రిలీఫ్ స్టాంపు అదనంగా అంటించాల్సి వచ్చింది. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలుంటే వెతకండి, దొరకొచ్చు.

నోట్స్‌లో 1971 ప్రకాశం జిల్లా అని రాశారు, కరెక్టేనా అన్నా?

తప్పే, నా నోట్సే, దిద్దుతున్నా. జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా మొదలైంది, ప్రకాశం పేరు 1972లో పెట్టారు. యుద్ధం టైంకి అది ఒంగోలు జిల్లానే. అప్పటికి రెండేళ్ళు కూడా కాలా నెల్లూరు నుంచి విడిపోయి, కందుకూరు వాళ్ళైతే 2022లో మళ్ళీ నెల్లూరికే వచ్చేశారు.